నాలుగు రెక్కల తలుపు

ఆదివారం పూట మా వీధిలో ఆడవాళ్ళు తలంట్లు పోసుకుని వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటూ ఉంటే, నేను నడిమి గదిలో బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి, ఒక తలుపు అడుగున ఉన్న చిన్న ఇనప పిన్నును వెతుక్కుంటూ ఉండేదాన్ని. ఒకటి కాదు రెండు కాదు, ఎనిమిది నెలల ఆదివారాలు. చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో టార్చిలైటు, మనసులో మా ఆయన మీద తిట్లు. నోట్లో టార్చి ఉండబట్టి ఆ తిట్లు బయటికి రాలేదు. లేకపోతే మా కాపురం ఏమయ్యేదో చెప్పలేను.

మాది చింతామణి. ఇల్లు చిన్నది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, అంతే. నడిమి గదిలో మా అత్త మంచం, దానికి ఎదురుగా గోడ బీరువా. ఇంటిల్లిపాది బట్టలూ అందులోనే. మంచానికీ బీరువాకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. మామూలు తలుపులు పెడితే తెరిచినప్పుడల్లా మంచానికి తగులుతాయి. అందుకని రెండుగా మడుచుకుని గోడవైపు పోయే తలుపులు పెట్టించాలన్నాడు మా ఆయన. అంతటితో ఆగి ఉంటే ఆయన తెలివిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటూ ఉండేదాన్ని. ఆ తలుపులకు చెక్క కొనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది కదా అన్నాడు.

ఇంట్లో ఉన్న చెక్క అంటే మా అత్త అంగడి తలుపులు. ఆమె ముప్పై ఏళ్ళు గాజుల అంగడి నడిపింది. గాజులు, పసుపు కుంకుమ, దారాలు, రవికె గుడ్డలు. మా మామకు బేరం చేతకాదని, అడిగినవాళ్ళకు అడిగిన ధరకు ఇచ్చేస్తాడని, ఆయన ఉండగానే ఆయన్ను లోపలి స్టూలు మీదికి పంపి తాను ముందు కూర్చుందట. ఆ అంగడికి నాలుగు రెక్కల టేకు తలుపు. రెండు రెక్కలు ఎడమకు మడుచుకుంటాయి, రెండు కుడికి. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు తెరిచేవాళ్ళు. మా మామ, మా ఆయన, ఒక్కోసారి పక్క అంగడివాళ్ళు కూడా. సాయంత్రం ఎనిమిదికి తలుపులు మూసి అంగడి కట్టేది మాత్రం ఆమె ఒక్కతే. తెరిచే చేతులు ఎన్నయినా ఉండొచ్చు, కట్టే చెయ్యి ఒక్కటే ఉండాలన్నది వాళ్ళింటి పద్ధతి. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా వచ్చి కట్టిపోయేదట. కన్న కొడుకుకు కూడా ఆ పని అప్పగించలేదు.

ఆ అంగడి ఉన్న కట్టడం ఓనరు పాతది పడగొట్టి కొత్తగా కట్టించాడు. అన్ని అంగళ్ళకూ షట్టర్లు పెట్టించాడు. షట్టరు లాగే అంగట్లో తాను కూర్చోనని మా అత్త చెప్పేసింది. సరుకు అమ్మేసింది, బీరువాలు అమ్మేసింది, తలుపులు మాత్రం ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. లక్ష్మి నడిచి వచ్చిన తలుపు. దాన్ని అమ్మకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. మరి ఏం చెయ్యాలంటే ఎవరికీ తెలియదు. రెండేళ్ళు మెట్ల కింద గోడకు ఆనించి ఉండి, శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టించుకుని, నా కాలి వేళ్ళకు తగులుతూ కూర్చున్నాయి.

వడ్రంగి మా పుట్టింటివైపు మనిషి. ఊరు చాకవేలు, పని ఎక్కువగా బాగేపల్లిలో. మా నాన్న ఇంటి తలుపులన్నీ ఆయన చేతివే. అంగడి రెక్కల్ని చిత్రిక పట్టి సగానికి సగం పల్చన చేసి, పైన ట్రాకు బిగించి, బీరువాకు సరిపెట్టాడు. పల్చన చేస్తున్నంతసేపూ మా అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుని, రాలిన పొట్టు కూడా చాటలోకి ఎత్తి తులసి కోట మొదట్లో పోసింది. పోతూ పోతూ వడ్రంగి నాకు ఒక పాఠం చెప్పాడు. ఆ పాఠం చెప్పకుండా పోయి ఉంటే నా ఆదివారాలు నాకు మిగిలేవేమో.

ఆ పాఠం ఇది. తలుపు బరువంతా గోడవైపు రెక్క అడుగున ఉన్న పిన్ను మీద ఉంటుంది. ఆ పిన్ను కూర్చోడానికి నేలకు ఒక ఇనప పట్టీ బిగిస్తారు. పట్టీకి దువ్వెనకున్నట్టు పళ్ళు ఉంటాయి. తలుపు గోడకు దగ్గరగా జరగాలంటే రెక్కను కొంచెం ఎత్తి పిన్నును ఒక పన్ను అటు వెయ్యాలి, దూరం జరగాలంటే ఒక పన్ను ఇటు. ఎత్తితే తప్ప పిన్ను కదలదు. అది సరైన చోట ఉంటే తలుపు ఒక్క వేలితో మడుచుకుంటుంది. ఒక్క పన్ను తప్పిందా, రెక్క ఒరిగి, అంచు గోడ చట్రానికి పట్టుకుని, దేవుడు దిగివచ్చినా తెరుచుకోదు.

ఎడమ జత పెట్టిన రోజు ఎలా ఉందో ఈ రోజుకీ అలాగే ఉంది. అందులో మా అత్త చీరలు, దుప్పట్లు. కుడి జతలో నా చీరలు, మా ఆయన బట్టలు. ఆ కుడి జత పెట్టిన వారానికే ఒరిగింది. నేలమీద పడుకుని సరిచేశాను. మూడో రోజుకు మళ్ళీ ఒరిగింది. ఒకే చెట్టు చెక్క, ఒకే మనిషి చేతిపని, ఒకే పెట్టెలోని స్క్రూలు. ఒక జత ఆవులా ఉంటే ఇంకో జత దున్నపోతులా ఎందుకుందో నాకు అంతుపట్టలేదు.

ఇంట్లో ఎవరి వైద్యం వాళ్ళు చేశారు. మా ఆయన అట్టముక్క మడిచి రెక్క కింద పెట్టాడు. అట్టముక్క పెట్టి కుర్చీ కాలు సర్ది, అట్టముక్క పెట్టి కిటికీ సర్ది, సంసారం మొత్తం అట్టముక్కల మీద నడిపించగలనని ఆయన నమ్మకం. మా అత్త బందులకు ఆముదం పోసింది. అంగట్లో ముప్పై ఏళ్ళు అదే పోసిందట. ఆ ఆముదానికి దుమ్ము పట్టి, దాని మీద శుక్రవారం పసుపు పడి, నల్లటి జిగురు తయారైంది. నా రెండు మంచి చీరలకు ఆ జిగురు అంటుకుంది, ఏ సబ్బుకూ వదల్లేదు. అరటిపండు తొక్కతో రుద్దమని మా అమ్మ బాగేపల్లి నుంచి ఫోన్లో చెప్పింది. చీరను రుద్దాలా తలుపును రుద్దాలా అని అడిగాను, కోపం వచ్చి పెట్టేసింది.

నేను చిక్కబళ్ళాపురం దాకా పోయి హార్డ్‌వేర్ అంగట్లో కొత్త పట్టీ, కొత్త పిన్ను తెచ్చాను. అంగడాయన వాటితోపాటు ఒక సలహా కూడా ఇచ్చాడు. ట్రాకులో నూనె పొయ్యొద్దు, కొవ్వొత్తి రుద్దండి అన్నాడు. రుద్దాను. చక్రాలు హాయిగా జారాయి. తలుపు మాత్రం నాలుగో రోజుకు ఒరిగింది. వడ్రంగిని పిలిపించాను. ఆయన గోడకు తూకపు గుండు వేలాడదీసి, గోడే వంకరగా ఉందన్నాడు. ఇంకోసారి వచ్చినప్పుడు వానలకు చెక్క ఉబ్బిందన్నాడు. మూడోసారి ఎండకు ఎండిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నేను పైకే అన్నాను. ఆయన నొచ్చుకుని కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

చివరికి నా అనుమానం మా ఆయన మీదికి పోయింది. ఆయనకు టొమాటో మండీలో పని. తెల్లవారక ముందే లేచి, చీకట్లో చొక్కా కోసం ఆ తలుపును మోటుగా లాగుతున్నాడని తేల్చుకున్నాను. పాపం ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అది చాలదని, తన చొక్కాలు రెండు తెచ్చి ముందు గది మేకుకు తగిలించుకుని, ఇక ఆ బీరువా జోలికే రానన్నాడు. అన్నమాట నిలబెట్టుకుని ఆ రెండు చొక్కాలే మార్చి మార్చి వేసుకున్నాడు. మండీలో ఆయనకు ఇల్లు జరగడం లేదేమో అనుకున్నారట. అయినా తలుపు ఒరుగుతూనే ఉంది. నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చిన ఆడబిడ్డ కుటుంబంతో అందరూ నంది గుడికి పోయిన ఆదివారం కూడా నేను ఆ తలుపు కిందే ఉన్నాను. అప్పటికి నేను చెయ్యి తిరిగినదాన్ని. పిన్ను ఎన్నో పన్నులో ఉందో వేలితో తడిమి చెప్పగలను. ప్రతిసారీ గోడవైపు ఒక పన్ను జరిగి ఉండేది. ఎప్పుడూ అటువైపే, ఎప్పుడూ ఒకటే. అది చూసి అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించే ఓపిక లేక, ఎత్తి ఇవతలి పన్నులో వేసి, నడుము పట్టుకుని లేచేదాన్ని.

నా సహనం ఒక సోమవారం పొద్దున చచ్చిపోయింది. నేను కెంచార్లహళ్ళి దిక్కున ఒక పంచాయితీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాను. ఆ రోజు గ్రామసభ. తాలూకా నుంచి పెద్ద సాహేబులు వస్తున్నారు. బస్సుకు ఇరవై నిమిషాలు ఉందనగా తలుపు లాగితే రాలేదు. భుజం పెట్టి తోశాను, కాలు పెట్టి తన్నాను, ఏడ్చాను కూడా. లోపల నా చీరలు, బయట నేను. మా అత్త ఎడమ జత ఒక్క వేలితో తెరిచి, తన చీర ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. జానెడు జరీ అంచున్న ముదురు మెరూన్ పట్టు చీర. అది కట్టుకుని గ్రామసభలో మరుగుదొడ్ల జాబితా చదివాను. పెళ్ళి ఎవరిదని వచ్చినవాళ్ళందరూ అడిగారు. సాహేబులు కూడా అడిగారు.

ఆ సాయంత్రమే ఇంట్లో తేల్చి చెప్పాను. దసరా వరకు చూస్తాను, ఆ తర్వాత ఈ అంగడి తలుపులు ఇంట్లో ఉండడానికి వీల్లేదు, ప్లైవుడ్ తలుపులు రావాలి అన్నాను. వడ్రంగికి అందరి ముందే ఫోన్ చేశాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. పండగ అయిన సోమవారం వచ్చి విప్పి తీసుకుపోతానన్నాడు. మంచి పాత టేకు, పెళ్ళి పీటలకు బాగుంటుందని ఒక మాట కూడా అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది.

మా అత్త మంచం మీద కూర్చుని వింటోంది. గట్టిగా మాట్లాడే మనిషి. ముప్పై ఏళ్ళు బేరమాడిన గొంతు. ఆ రోజు గొంతు పెంచలేదు.

“నా అంగడి మింద ఎవురో కూసోని తాళి కట్టుకుంటారా అమ్మా?” అని అడిగింది.

నేను ఫోను తీసుకుని వంటింట్లోకి పోయాను. పోవడం కోపంతోనే. ఆమె ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. వద్దని అనలేదు, ఉంచమని అడగలేదు. ఆ తలుపులు పోతే ఆమెకు అంగడి గుర్తు ఇంకేమీ మిగలదని నాకు తెలుసు. తెలిసే మొండికేశాను. నేనేమైనా ఊరికే అంటున్నానా, ఎనిమిది నెలలు నేలమీద పడుకోలేదా అని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగాను.

ఆయుధ పూజ రోజు ఆమె యథాప్రకారం నాలుగు రెక్కలకూ పసుపు రాసి కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, బూడిద గుమ్మడికాయ తిప్పింది. ఇంట్లో కత్తి, కత్తెర, మా ఆయన బండి అన్నీ వరసలో పెట్టింది. చివర్న చూస్తే నా స్క్రూడ్రైవరు కూడా ఉంది. దానికీ గంధం, కుంకుమ, ఒక చామంతి పువ్వు. ఎగతాళికి చేసిందో, నిజంగానే చేసిందో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

వడ్రంగి వచ్చే సోమవారానికి ముందు శనివారం. సాయంత్రం ఎనిమిదంటే మా ఇంట్లో నేను పొయ్యి దగ్గర ఉంటాను, రాగి సంగటి గెలుకుతూ. సంగటి గెలికేటప్పుడు ఇల్లు అంటుకున్నా కదలకూడదు, కదిలితే ఉండలు కడుతుంది. మా ఆయన తెల్లవారుజామున లేచే మనిషి కాబట్టి ఏడున్నరకే ముందు గదిలో గురక పెడుతుంటాడు, సంగటి దించాకే లేపుతాను. కాబట్టి ఆ వేళ నడిమి గదిలో ఏం జరుగుతుందో మా ఇద్దరిలో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ శనివారం ఎసరు మరగకముందే గ్యాసు అయిపోయింది. సిలిండరు బుక్ చేద్దామని ఫోను కోసం నడిమి గదికి వచ్చాను.

మా అత్త బీరువా ముందు నిలబడి ఉంది. నన్ను చూడలేదు. ఎడమ జతను మామూలుగా మూసింది. తర్వాత కుడి జత దగ్గరికి జరిగి, కొంగు నడుముకు చెక్కి, రెక్కను రెండు చేతులా పట్టుకుంది. ఒక్క ఊపున వేలి మందం ఎత్తు లేపి, మోకాలితో లోపలికి ఒక తోపు తోసి, వదిలింది. ధబ్‌మని కూర్చుంది. అరచేత్తో రెండుసార్లు తట్టి చూసింది. కళ్ళకద్దుకుని, మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, అదీ గ్యాసు అయిపోబట్టి. ఎత్తితే తప్ప పిన్ను కదలదు. రోజూ సాయంత్రం ఎత్తుతోంది, మోకాలితో తోస్తోంది, ఆ తోపులో అప్పుడప్పుడూ పిన్ను గోడవైపు ఒక పన్ను దాటి పడుతోంది. గోడ వంకర కాదు, వాన కాదు, ఎండ కాదు, నా మొగుడు కాదు. ఎనిమిది నెలల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఎందుకు ఎత్తుతున్నావని అరిచాను. ముందు గదిలో గురక ఆగిపోయింది.

ఆమె నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూసింది. “ఎత్తకుండా వాకిలి యాడన్నా కూసుంటాదా?” అంది.

అప్పుడు తెలిసింది సంగతి. వాళ్ళ అంగడి గడప రాతిది. కుడివైపు ఎప్పుడో కుంగిపోయింది. కుడి జతను ఎత్తి మోకాలితో తోస్తే గానీ గడప గాడిలో కూర్చునేది కాదట. ముప్పై ఏళ్ళు రోజూ ఎత్తింది. ఆ చేతులకు అదొక్కటే తలుపు మూసే విద్య. ఆ రెక్క కనబడగానే చేతులు వాటంతటవే ఎత్తుతున్నాయి. పైగా అప్పుడప్పుడూ పొద్దున తలుపు వంకరగా ఉండడం చూసి, నేను ఆదివారం సరిగ్గా బిగించడం లేదని ఆమె అనుకుంటోందట. కోడలు నొచ్చుకుంటుందని చెప్పలేదట.

నేను ఊరుకోలేదు. ఆమెను చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చోబెట్టి, టార్చి వేసి, పిన్నును, పళ్ళను చూపించాను. ఇదిగో ఇక్కడుండాలి, నువ్వు ఎత్తితే ఇక్కడికి పడుతోంది, నా చీరలు, నా గ్రామసభ, మా ఆయన చొక్కాలు, వడ్రంగి కాఫీ, అన్నీ నీ చేతుల వల్లే అన్నాను. అన్నీ వరసగా అన్నాను. ఆమె చాలాసేపు ఆ పిన్ను వైపే చూసింది. తర్వాత తన అరచేతులు ఒకసారి చూసుకుంది.

“ఇంక ముట్నులే,” అంది.

వడ్రంగికి ఫోన్ చేసి పది రోజులు ఆగమన్నాను. ఆ పది రోజులు ఆ తలుపు నడిచిన తీరు చెప్పుకోవాలి. ఒక్క వేలు చాలు, సిల్కు గుడ్డలా మడుచుకుంది. బస్సు ఒక్కసారీ తప్పలేదు. మా ఆయన చొక్కాలు మేకు నుంచి బీరువాలోకి తిరిగి వచ్చాయి. నేను గెలిచాను.

మా అత్త మాత్రం ఎనిమిదయ్యేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చునేది. సంగటి దించి నేను వచ్చి ఒక్క వేలితో రెండు జతలూ మూసేదాన్ని. చప్పుడు రాదు. అయిదు నిమిషాలకు “పడిందా?” అని అడిగేది. పడిందనేదాన్ని. పడుకుని, మళ్ళీ లేచి కూర్చుని, వాకిలి వేశామా అని వీధి తలుపు చూసి వచ్చేది. ముద్దలో సగం మిగిల్చేది. శుక్రవారం పసుపు కూడా అడుగున రాయకుండా, పైపైన, చెయ్యి తగిలీ తగలనట్టు రాసింది. పరాయివాళ్ళ ఇంట్లో వస్తువును ముట్టుకున్నట్టు ముట్టుకుంది. అది చూసి నాకు చాలా సిగ్గేసింది. వడ్రంగి విప్పుకుపోతే ఆ తలుపులు ఒక్కసారే పోయేవి. ఇప్పుడు ఎదురుగా ఉండి కూడా ఆమెవి కాకుండా పోయాయి, అది నేను చేసిన పని. ఆమె అంగడిని షట్టరు తీసేసుకుంది, మిగిలిన నాలుగు రెక్కలు నేను తీసుకున్నాను.

పదకొండో రోజు వడ్రంగి ఆటోతో వచ్చాడు, తలుపులు వేసుకుపోవడానికి. విప్పొద్దన్నాను. ఎత్తి మూసినా చెడని తలుపు కావాలన్నాను. ఆయన నా ముఖం కేసి చూసి, ఈసారి కాఫీ ఇవ్వండి ముందు అన్నట్టు కూర్చున్నాడు.

“వంద బీరువాలు చేసినానమ్మా. ఎత్తి మూసేదానికి ఎవురూ అడగలే,” అన్నాడు.

అయినా చేశాడు. మంచి పనివాడు, ఆ మాట ఆడలేక మద్దెల ఓడు అన్న నోటితోనే చెబుతున్నాను. కుడివైపు పళ్ళ పట్టీ పీకేసి, లోతైన గుంత ఉన్న ఇనప ముక్క బిగించాడు. పిన్ను స్థానంలో రెండంగుళాల పొడుగు కడ్డీ వేశాడు. ఇప్పుడు వేలి మందం ఎత్తినా కడ్డీ గుంతలోంచి బయటికి రాదు, వదిలితే అక్కడే పడుతుంది. రెక్కల అడుగున నేలకు ఒక చెక్క గడప పెట్టి, తలుపు కూర్చోడానికి దానికి గాడి తీశాడు. ఆ గడప నా కాలి వేళ్ళకు తగులుతుందని నాకు ముందే తెలుసు. రోజూ తగులుతోంది. మా అత్త దూరం నుంచి చూస్తూ కూర్చుంది. సాయంత్రం ఎనిమిదికి సంగటి గెలుకుతుంటే నడిమి గదిలోంచి ధబ్‌మని వినిపించింది. నేను గెలకడం ఆపలేదు, ఆపకూడదు కదా. మరునాడు పొద్దున పోయి తడిమి చూశాను. కడ్డీ ఉన్నచోటే ఉంది. ముందు రాత్రి ఆమె కంచంలో సంగటి కూడా మిగల్లేదు.

ఇదంతా జరిగి రెండేళ్ళు కావస్తోంది. మొన్న వానాకాలం ఆమె మోకాలు వాచింది. సూదులు వేయించాం, నూనెలు రాశాం. నాలుగు రోజులు కుంటుకుంటూనే పోయి కట్టింది. అయిదో రోజు ఎనిమిదికి, రెండు చేతులూ సంగటి కట్టె మీద ఉండగా, నన్ను పిలిచింది. కాసేపు ఆగమన్నాను. మళ్ళీ పిలిచింది. ఒళ్ళు మండి, కట్టె అలాగే వదిలేసి వచ్చాను.

ఆమె కుడి రెక్క పట్టుకుని నిలబడి ఉంది. “మోకాలు నిలబడలే. నువ్వు కట్టు,” అని పక్కకు తప్పుకుంది.

ముప్పై ఏళ్ళలో కొడుక్కివ్వని పని అది. నాకు ఆ క్షణాన అది తోచలేదు, సంగటే తోచింది. ఒక్క వేలితో తోసి వెళ్ళిపోబోయాను. అట్ల కాదు, ఎత్తు అంది. ఎత్తొద్దని పది ఊళ్ళకు వినబడేలా అరిచినదాన్ని, ఎత్తాను. చప్పుడు రాలేదు. ఆమె తల అడ్డంగా ఊపి, మోకాలు పెట్టమంది. రెండోసారి ఎత్తి మోకాలు పెట్టాను, సగం కూర్చుంది. వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. కొంగు నడుముకు చెక్కుకోమంది. ఎనిమిది నెలలు ఆ తలుపు పొట్టలో ఉన్న ప్రతి స్క్రూనూ బిగించినదాన్ని, నాకు తలుపు వెయ్యడం నేర్పిస్తోందని పళ్ళు నూరుకుంటూ మూడోసారి ఎత్తాను.

ధబ్‌మంది. ఆమె కుంటుకుంటూ వచ్చి అరచేత్తో రెండుసార్లు తట్టి చూసి, మంచం మీద కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకుంది. ఆ రోజు ముగ్గురం మాడిన సంగటే తిన్నాం.

మరునాడు ఎనిమిదికి ఆమె మంచం మీదనుంచి లేవలేదు, నన్ను పిలవనూ లేదు. వంటింటి వైపు చూస్తూ కూర్చుంది. నేను సంగటి ముందే దించేసి, చేతులు కడుక్కుని వచ్చాను.